నటింగ్‌గారి పర్సు బరువు మీరెందుకు మోస్తున్నారు?

2025 నవంబర్‌లో ఒక శనివారం మా పిట్స్‌బర్గ్‌లో కార్తీక వనభోజనాలు. వనం లేదు లెండి, ఈ చలికి స్కూలు హాల్లోనే కానిచ్చేశారు. పులిహోర దగ్గర లైన్లో ఉన్నాం. మా ఆయన ముందు ఒక పెద్దమనిషి. తలమీద మా ఊరి బేస్‌బాల్ జట్టు పైరేట్స్ నల్లటి టోపీ, దానిమీద పసుపు అక్షరం, అసలు సిసలు అభిమాని వాలకం. గరిటె చేత్తో పట్టుకుని, వెనకున్న జనాన్నంతా ఆపేసి మరీ ఉపన్యాసం: "స్కీన్స్‌ని ఇప్పుడే అమ్మేయాలండీ. రేటు ఇంతకన్నా పెరగదు. ఒక్కడినిచ్చి అయిదుగురు కుర్రాళ్ళని తెచ్చుకోవచ్చు. ఎలాగూ 2029 అయిపోగానే వెళ్ళిపోయేవాడేగా!"

కోకాపేటలో ప్లాటు బేరం పెట్టినట్టు మాట్లాడుతున్నాడు. మా జట్టు పిచర్ (బంతి విసిరేవాడు) పాల్ స్కీన్స్‌కి సై యంగ్ అవార్డు, అంటే ఏడాది ఉత్తమ పిచర్‌కిచ్చేది, వచ్చింది ఆ బుధవారమే. ఓటేసిన 30 మందీ మొదటి స్థానం అతనికే ఇచ్చారు. పైరేట్స్‌లో ఈ అవార్డు అందుకున్నవాడు 1990లో డగ్ డ్రేబెక్ తరవాత మళ్ళీ ఇతనే. మూడు రోజులైనా సంబరం చేసుకోనివ్వరా?

నా నోరు ఊరుకోదుగా. "అమ్మాల్సింది స్కీన్స్‌ని కాదండీ, జట్టుని" అన్నాను. ఆయన నావైపు చూడలేదు. మా ఆయనవైపు తిరిగి, "మీ ఆవిడ కూడా ఫాలో అవుతారన్నమాట!" అని నవ్వాడు. తరవాత నామీద జాలిపడి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు: "మనది చిన్న ఊరమ్మా. పిండి కొద్దీ రొట్టె. పాపం ఓనర్ మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాడు?"

మా ఆయన పులిహోర వడ్డించుకుని చల్లగా జారుకున్నాడు. బేస్‌బాల్ అంటే ఆయనకి పార్కింగ్ ఫీజు ఒక్కటే తెలుసు.

పాపమట! బాబ్ నటింగ్ 2007 నుంచి ఈ జట్టు యజమాని. ఫ్రీ ఏజెంట్‌కి, అంటే పాత కాంట్రాక్టు ముగిసి ఏ జట్టుకైనా వెళ్ళగలిగే ఆటగాడికి, పైరేట్స్ ఇచ్చిన అతిపెద్ద కాంట్రాక్టు ఎంతో తెలుసా? 2014 డిసెంబర్‌లో ఫ్రాన్సిస్కో లిరియానోకి, మూడేళ్ళకి 39 మిలియన్ డాలర్లు. అంతే. 2025 దాకా అదే రికార్డు. 2016 డిసెంబర్ తరవాతయితే 2025 నవంబర్ దాకా అలాంటివాడికి రెండేళ్ళ కాంట్రాక్టు కూడా ఇవ్వలేదు. అందరూ ఏడాది బాపతే. వచ్చేవారు, సూట్‌కేసు విప్పేలోపే జూలైలో ఇంకో జట్టుకి సాగనంపేవారు.

హైదరాబాద్ నుంచి చదివేవాళ్ళకి ఒక ముక్క. ఐపీఎల్‌లో మొన్నటి మెగా వేలానికి పది జట్లకీ ఒకటే పర్సు, 120 కోట్లు. అందులో కనీసం 75 శాతం ఖర్చుపెట్టి తీరాలి. ఇక్కడ అలాంటిదేమీ లేదు. పైన సీలింగు లేదు, కింద నేల లేదు. జీతాల ఖర్చు ఒక గీత దాటితే లగ్జరీ టాక్స్ కట్టాలి, అంతే. 2024లో లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ కట్టిన ఆ టాక్సే 103 మిలియన్లు. ఆ ఏడాది మా జట్టు సీజన్ మొదలుపెట్టినప్పుడు మొత్తం జీతాల బిల్లు అంత లేదు!

"చూశావా, అదే నేనూ చెప్తున్నాను, డాడ్జర్స్‌తో మనమెక్కడ" అంటారు టోపీగారు. అయ్యా, డాడ్జర్స్‌తో సమానంగా పెట్టమని ఎవరన్నారు? వాళ్ళు ఓహ్తానీకి 700 మిలియన్లిచ్చారని మా వాళ్ళనీ అంత ఇమ్మనలేదు. ఒక్క బ్యాటర్ కావాలి. బంతిని గోడ దాటించేవాడు ఒక్కడు. 2025లో మా జట్టు కొట్టిన హోమ్‌రన్లు 117, మొత్తం 30 జట్లలో ఆఖరు. పరుగుల్లోనూ ఆఖరే. 71 గెలుపులు, 91 ఓటములు. ఇటువైపు చూస్తే స్కీన్స్ సగటు 1.97, అంటే తొమ్మిది ఇన్నింగ్స్ వేస్తే రెండు పరుగులు కూడా ఇవ్వడు. అలాంటివాడి ఖాతాలో 10 గెలుపులు, 10 ఓటములు!

మే 18న ఫిలడెల్ఫియాలో ఆట చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. స్కీన్స్ ఎనిమిది ఇన్నింగ్స్ ఒక్కడే వేశాడు. ఇంకొకడు బంతి ముట్టుకోలేదు. మూడు హిట్లు, ఒక్క పరుగు. మా వాళ్ళు కొట్టింది సున్నా. 1-0తో ఓటమి అతని పేరునే రాశారు. అతని కెరీర్‌లో మొదటి కంప్లీట్ గేమ్ అది. మా వాడికి పన్నెండేళ్ళు, లిటిల్ లీగ్‌లో పిచ్చింగ్ వేస్తాడు. టీవీ ముందు గ్లవ్ విసిరికొట్టి, "అమ్మా, అతను బ్యాటింగ్ కూడా చేస్తే బాగుండు" అన్నాడు. పిల్లాడికి అర్థమైంది పెద్దమనిషికి అర్థం కాదు.

స్కీన్స్‌కి 2025లో జట్టు ఇచ్చిన జీతం 8,75,000 డాలర్లు. ఇంకా తమాషా వినండి. అతని మొదటి మ్యాచ్ చొక్కా మీది ప్యాచ్ ముక్క పెట్టిన బేస్‌బాల్ కార్డు ఒకటుంది, లోకంలో ఒక్కటే. లాస్ ఏంజెలెస్‌లో పదకొండేళ్ళ పిల్లాడికి ప్యాకెట్లో దొరికింది. మార్చిలో వేలం వేస్తే 11 లక్షల డాలర్లు దాటింది. మనిషి ఏడాది జీతం కన్నా మనిషి బొమ్మ ఎక్కువ పలికింది! ఆ కార్డు మాకివ్వమని పైరేట్స్ వాళ్ళు పిల్లాడికి ఆశ చూపించిందేమిటో తెలుసా? ముప్ఫై ఏళ్ళపాటు సీజన్ టికెట్లు. ముప్ఫై ఏళ్ళు ఈ జట్టుని చూడడం బహుమతా, శిక్షా? పిల్లాడు తెలివైనవాడు, వద్దన్నాడు.

సరే, చిన్న ఊరు అన్నారు కదా. మిల్వాకీ ఎంత ఊరు? మేజర్ లీగ్‌లో అన్నిటికన్నా చిన్న మార్కెట్ అది. 2025లో 97 మ్యాచ్‌లు గెలిచింది, అందరికన్నా ఎక్కువ. అంతెందుకు, మన ఊళ్ళోనే అమెరికన్ ఫుట్‌బాల్‌లో స్టీలర్స్ లేరా? ఆరు సూపర్ బౌల్స్. ఐస్ హాకీలో పెంగ్విన్స్ లేరా? అయిదు స్టాన్లీ కప్పులు. అదే ఊరు, అదే జనం, అవే వంతెనలు. ఆడలేక మద్దెల ఓడు అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. వాటిలో జీతాలకి పైనా కిందా హద్దులున్నాయి, నిజమే. ఖర్చుపెట్టమని రూలు ఉంటే తప్ప ఖర్చుపెట్టని మనిషిని పాపం అంటారా, ఇంకేమైనా అంటారా?

పెద్ద జట్లు లీగ్ హుండీలో వేసే డబ్బులోంచి మా జట్టుకి ఏటా వాటా వస్తుంది. ఆ డబ్బుని ఆట మీద పెట్టడం లేదని ఆటగాళ్ళ సంఘం 2018లో నాలుగు జట్ల మీద ఫిర్యాదు చేసింది. నాలుగింట్లో మేమూ ఉన్నాం. ఎందులోనైనా మొదటి నాలుగులో ఉండడం అంటే ఇదే మాకు.

ఇక స్టేడియం. పీఎన్‌సీ పార్క్ లాంటి అందమైన మైదానం దేశంలోనే లేదు, ఆ మాట శత్రువులు కూడా ఒప్పుకుంటారు. సాయంత్రం ఆరు దాటాక క్లెమెంటే వంతెన పసుపురంగు మీద ఎండ పడుతుంటే స్కోరు కూడా మర్చిపోతాం. మర్చిపోవడం ఆరోగ్యానికి మంచిది కూడా. ఆ మైదానం ఎవరి డబ్బుతో కట్టారు? 1997లో స్టేడియాలకి అదనపు సేల్స్ టాక్స్ వెయ్యాలా అని 11 కౌంటీల్లో ఓటింగు పెడితే జనం వద్దన్నారు. వద్దంటే ఆగుతారా? మరుసటి ఏడాదే ఇంకో దారి చూసుకున్నారు. అలెఘెనీ కౌంటీలో మనం కట్టే 7 శాతం సేల్స్ టాక్స్‌లో, రాష్ట్రమంతటా ఉండే 6 పోగా మిగిలిన ఆ ఒక్క శాతంలో సగం వెళ్ళే నిధి ఉంది చూశారూ, దాంట్లోంచి. నేను ఈ కౌంటీలో ఒక కుర్చీ కొన్నా అందులో నయాపైసా ఆ మైదానానికి చేరినట్టే. సొమ్మొకడిది సోకొకడిది. ఇప్పుడు చెప్పండి, ఎవరు పాపం?

అమ్మి కుర్రాళ్ళని తెచ్చుకుందాం అన్న మాటకి వద్దాం. అదేదో కొత్తగా కనిపెట్టినట్టు! 2018 జనవరిలో పిచర్ గెరిట్ కోల్‌ని హ్యూస్టన్‌కి ఇచ్చి నలుగురిని తెచ్చుకున్నాం. తరవాతి ఏడాదే కోల్ 20 గెలుపులు, 326 స్ట్రైకౌట్లు. ఆపైన న్యూయార్క్ యాంకీస్ అతనికి 324 మిలియన్లు గుమ్మరించారు. కోల్ వెళ్ళిన రెండు రోజులకే మా స్టార్ బ్యాటర్ మెకచెన్‌ని కూడా పంపేశాం, ఊరు ఊరంతా ఏడ్చింది. అదే ఏడాది జూలైలో మనమే కొనేవాళ్ళం అయ్యాం, పండగ చేసుకున్నాం. పిచర్ క్రిస్ ఆర్చర్ వచ్చాడు. అతనికోసం ఎవరినిచ్చాం? గ్లాస్‌నో, మెడోస్, బాజ్. ముగ్గురు బంగారంలాంటి పిల్లలు. గ్లాస్‌నో ఇవాళ డాడ్జర్స్‌లో వరల్డ్ సిరీస్ ఉంగరాలు పెట్టుకుంటున్నాడు. ఆర్చర్ ఒక సర్జరీ చేయించుకుని, బిల్లు మనకి పెట్టి వెళ్ళిపోయాడు. అమ్మినా మనమే మునుగుతాం, కొన్నా మనమే మునుగుతాం.

2025 జూలైలో పిచర్ బెడ్నార్‌ని యాంకీస్‌కి ఇచ్చేశారు. మార్స్ అనే ఊరి కుర్రాడు, మా పక్క ఊరే. ఇక్కడే పుట్టి పెరిగి, ఇదే జట్టుకి ఆఖరి ఇన్నింగ్స్ కాపలా కాసినవాడు. అతన్ని కూడా ఉంచుకోలేనివాళ్ళు స్కీన్స్‌ని ఇచ్చి అయిదుగురిని తెస్తే, ఆ అయిదుగురిలో మంచివాడిని ఎవరికమ్ముతారో నేనిప్పుడే చెప్పగలను.

డబ్బు సంగతి పక్కన పెట్టండి, గౌరవానికి ఖర్చేమిటి? రాబర్టో క్లెమెంటే అంటే ఈ ఊరికి ఆటగాడు మాత్రమేనా? 1972 డిసెంబర్ 31న, నికరాగ్వా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తూ విమానం కూలి చనిపోయినవాడు. సరిగ్గా 3,000 హిట్లు. అతని నంబరు 21 కాబట్టి మైదానంలో కుడివైపు (రైట్ ఫీల్డ్) గోడ ఎత్తు 21 అడుగులు కట్టారు. ఆ గోడమీది 21 గుర్తుని 2025 ఏప్రిల్‌లో తీసేసి, మద్యం ప్రకటన పెట్టారండీ! క్లెమెంటే కుటుంబానికి మాటమాత్రం చెప్పలేదు. ఊరంతా దుమ్మెత్తిపోశాక క్షమాపణ చెప్పి తిరిగి పెట్టారు. అదే నెలలో ఇంకోటి. మైదానం కట్టినప్పుడు అభిమానులు డబ్బు కట్టి, పోయిన నాన్న పేరు, తాత పేరు చెక్కించుకున్న ఇటుకలు రీసైక్లింగ్ కుప్పలో తేలాయి. పోయినవాళ్ళ పేర్లు చెత్తలో! ఆ నెలలో మైదానంలో జనం "జట్టుని అమ్మేయ్" అని అరిచారంటే అరవరా మరి?

అసలు ఈ యజమాని భక్తి మనవాళ్ళకి కొత్తేం కాదు. 2021 గుర్తుందా? డేవిడ్ వార్నర్. 2016లో 848 పరుగులు కొట్టి సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చినవాడు, తెలుగు పాటలకి ఇంటిల్లిపాదితో స్టెప్పులేసినవాడు. మే 1న కెప్టెన్సీ పీకేశారు. తరవాత జట్టులోంచే తీసేశారు. అప్పుడు కూడా మా చుట్టాల గ్రూపులో ఒక్కొక్కరూ "వాళ్ళకి తెలీదా, ఫామ్‌లో లేడుగా, డబ్బు పెట్టేది వాళ్ళు" అని నీతులు చెప్పారు. ఆ నవంబర్‌లోనే టీ20 ప్రపంచకప్‌లో 289 పరుగులు, టోర్నీ ఉత్తమ ఆటగాడు. మరుసటి వేలంలో ఢిల్లీవాళ్ళు 6.25 కోట్లకే ఎత్తుకుపోయారు. నీతులు చెప్పినవాళ్ళలో ఒక్కరైనా నోరు విప్పారా? మా పెద్దమామయ్య ఇప్పటికీ ఆ టాపిక్ వస్తే టీవీ సౌండు పెంచేస్తాడు. మన ఇంట్లో గ్యాస్ బండ ధర పెరిగితే అరుస్తాం, కోటీశ్వరుడి లాభం తగ్గుతుందంటే మాత్రం నిద్ర పట్టదు మనకి.

స్కీన్స్ 2029 సీజన్ దాకా మా వాడే. చలికాలంలో వింటర్ మీటింగ్స్ ఉంటాయి, జట్లన్నీ కూడి ఆటగాళ్ళ బేరాలు చేసుకునే చోటు. కామెంట్లలో మిల్వాకీ గురించి చెప్పలేనివాళ్ళు 'చిన్న మార్కెట్' అని రాయకండి, తీసేస్తాను. డాడ్జర్స్‌కి మారిపొమ్మని సలహా ఇచ్చే కాలిఫోర్నియా తమ్ముళ్ళకి కూడా అదే మాట. మా వాళ్ళు అక్కణ్ణుంచి మళ్ళీ ఖాళీ చేతులతో వస్తే ఇంకో పోస్టు రాస్తాను, అప్పుడు 'గారు' కూడా ఉండదు.