పరీక్షనాళికలో ఆగింది సరే, పేగులో ఆగుతుందా?

మా కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో వారానికో ఆకు దిగుతోంది. ఒకసారి పొడపత్రి, ఒకసారి నేరేడు గింజ, ఇప్పుడేమో మునగాకు. కింద వాక్యం మాత్రం మారదు: "షుగర్ పెంచే ఎంజైమ్‌ను ఆపుతుందని సైంటిస్టులు తేల్చేశారు." మా బాబాయ్ అయితే, "ఇక మీ మందుల షాపులు మూసుకోవచ్చురా" అని కూడా తగిలించాడు.

పూర్తి అబద్ధమైతే కొట్టిపారేయొచ్చు. కాదు, అదే చిక్కు. అన్నంలోని పిండిపదార్థాన్ని అమైలేజ్ అనే ఎంజైమ్ ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్ని పేగు గోడ మీదున్న ఆల్ఫా గ్లూకోసిడేజ్ అనే ఇంకో ఎంజైమ్ గ్లూకోజ్‌గా విడగొడుతుంది. దాన్ని కాస్త అడ్డుకుంటే తిన్నాక షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. కానీ పరీక్షనాళికలో ఆకు రసం పోసి దీన్ని ఆపడం పెద్ద విద్యేం కాదండీ, టీ ఆకు కూడా ఆపుతుంది. కంచం నిండా స్వర్ణ బియ్యం అన్నం తిన్న మనిషి పేగులో ఎంత మోతాదు కావాలి, ఎంతసేపు ఆపుతుంది, కాలేయాన్ని ఏం చేస్తుంది? అసలు పనంతా అక్కడుంది. ల్యాబ్‌లో ఆశ పుట్టించిన ప్రతిదీ మందు కాదు: పీటీపీ1బీ అనే వేరే ఎంజైమ్ లేని ఎలుకల్లో ఇన్సులిన్ బాగా పనిచేస్తోందని 1999లోనే చూశారు. దాని పోలికలో ఒంటికి అవసరమైన ఎంజైమ్‌లు వేరే ఉన్నాయి, ఒకదానికి గురిపెడితే ఇంకొకదానికి తగులుతుంది. నేటికీ షాపులో దాన్ని ఆపే బిళ్ళ లేదు.

గట్టెక్కినవీ ఉన్నాయి. ఇన్సులిన్‌ను విడుదల చేయించే జీఎల్‌పీ-1 హార్మోన్‌ను డీపీపీ-4 అనే ఎంజైమ్ నిమిషాల్లో నరికేస్తుంది. ఆ ఎంజైమ్‌ను ఆపే సిటాగ్లిప్టిన్ అనే షుగర్ మందుకు 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2022లో మన దగ్గర పేటెంట్ తీరాక ధర దిగింది. అన్నట్టు, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన మెథోట్రెక్సేట్ కూడా ఎంజైమ్‌ను ఆపే మందే, కాకపోతే క్యాన్సర్‌కి.

నా కోపం ఇంకో చోట. ఆకు ఆపుతుందంటున్న ఆ గ్లూకోసిడేజ్‌నే ఆపే వోగ్లిబోస్ అనే మందును మన ఊళ్లలో ఎంతోమంది ఇప్పటికే మింగుతున్నారు. చాలా డాక్టర్ చీటీల్లో మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ అనే వేరే షుగర్ మందులతో కలిపి ఒకే బిళ్ళగా ఉంటుంది. వోగ్లిబోస్ పనిచేయాలంటే భోజనానికి కూర్చోగానే, తొలి ముద్ద వేళకే పడాలి. తిని, చేయి కడుక్కుని, టీవీ ముందు కూర్చున్నాక వేసుకుంటే అన్నం అప్పటికే దాటిపోయింది. గ్యాస్ పడుతోందని మానేసేవాళ్లకు, అది ఆ మందు స్వభావమేనని, తక్కువ మోతాదుతో మొదలుపెడితే సర్దుకోవచ్చని చెప్పేవాడు లేడు.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. గ్లిమిపిరైడ్ వల్ల షుగర్ పడిపోయి చెమటలు పడితే మన ఇళ్లలో వెంటనే నోట్లో పంచదార పోస్తారు, ఆత్రేయపురం పూతరేకు ఉంటే అదే పెడతారు. పంచదారను విడగొట్టేది కూడా ఆ పేగు ఎంజైమ్‌లే. వాటిని వోగ్లిబోస్ కట్టేసి ఉంచింది కాబట్టి పంచదార ఆలస్యంగా పనిచేస్తుంది. అప్పుడు కావాల్సింది నేరుగా రక్తంలో కలిసే గ్లూకోజ్ పొడి. స్పృహ తప్పితే నోట్లో ఏదీ పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

షాపులో కవరు మీద ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అని గీతలు గీసి ఇస్తారు. తొలి ముద్దతో వేసుకోండి, షుగర్ పడితే గ్లూకోజ్ పొడి తీసుకోండి అన్న ఈ రెండు ముక్కలు కూడా రాసివ్వడానికి ఎవరి సొమ్మేం పోతుంది?