ఎవరు ఎవరిని తింటున్నారు?

విడవలూరు, ఇందుకూరుపేట వైపు కోతలు అయిన వరి మళ్లలో ఎలుక కలుగు ముందు గొంతుక్కూర్చున్న యానాది గిరిజనులను మన నెల్లూరు జిల్లాలో చూడనివారు తక్కువ. చుట్టుపక్కల కన్నాలన్నీ ముందే మట్టితో పూడ్చేస్తారు. కుండలో గడ్డి కూరి నిప్పు రాజేసి, మూతిని కలుగుకు ఆనించి, అడుగున ఉన్న చిల్లిలోంచి ఊదుతారు. కాసేపాగి తవ్వితే ఊపిరాడక పడిపోయిన ఎలుకలు దొరుకుతాయి. ఇంకాస్త లోతున, అవి దాచుకున్న వడ్ల కంకులు. రెండూ ఆ ఇంటి పొయ్యి మీదికే. రైతుకు పైసా ఖర్చు లేదు.

ఇదే పనికి వ్యవసాయ శాఖ ఊరూరా బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు కలిపిన నూకలు పంచుతుంది. ఆ మందు తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు. కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది. అలా తూలే ఎలుకే గుడ్లగూబకైనా, జెర్రిపోతుకైనా సులువుగా చిక్కుతుంది, దాంతోపాటు మందూ వాటి ఒంట్లోకి పోతుంది. ఎలుకలు ఈతకు ఈత పెరిగి తర్వాతి పంట వేళకు మళ్లీ దిగుతాయి. గుడ్లగూబ అంత త్వరగా తిరిగి రాదు. కప్పల విషయంలో ఈ పాఠం ఒకసారి నేర్చుకున్నాం. కాళ్ల కోసం కప్పలను పట్టి విదేశాలకు పంపి పంపి, పొలాల్లో పురుగు పెరుగుతోందన్న గొడవ మొదలయ్యాక 1987లో ఎగుమతి ఆపారు.

ఎవరు ఎవరిని తింటున్నారన్న ఈ ప్రశ్ననే పనిగా పెట్టుకున్న శాస్త్రవేత్తలు ఉన్నారు. అమెరికాలోని శాంటా ఫే ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన జెన్నిఫర్ డన్ వారిలో ఒకరు. గడ్డిని మిడత, మిడతను కప్ప, కప్పను పాము, పామును గద్ద అని బడిలో ఆహార గొలుసు వల్లెవేశాం. గట్టు మీద నిలబడి చూస్తే వ్యవహారం అంత వరసగా ఉండదు. కప్ప దోమనూ తింటుంది, కప్పను కొంగా తింటుంది, ఆ కొంగ చేపనూ వదలదు. గీతలు గీస్తూ పోతే చివరికి జాలరి వలలా తేలుతుంది. 2002లో డన్, రిచర్డ్ విలియమ్స్, నియో మార్టినెజ్ కలిసి ఇలాంటి 16 వలలను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఒక్కో జీవినీ తీసేస్తూ, తిండి లేక ఇంకెన్ని రాలిపోతాయో చూశారు. ఎక్కువ లంకెలున్న జీవులను ముందు తీసేస్తే వల త్వరగా కూలింది. ఏదో ఒకటి తోచినట్టు తీసేస్తే అంత నష్టం జరగలేదు. లంకెలు దట్టంగా ఉన్న వల దెబ్బకు బాగా ఓర్చుకుంది. మాకు అన్నిటికంటే కొత్తగా తోచిన సంగతి ఇంకొకటి: వలలో ఎన్ని జాతులున్నాయన్న దానికీ, దాని దిట్టతనానికీ పొంతన కనిపించలేదు.

మన లెక్కలేమో ఆ పొంతన ఉందనుకునే నడుస్తున్నాయి. అటవీ శాఖకు పక్షుల సంఖ్య, మత్స్య శాఖకు టన్నులు, వ్యవసాయ శాఖకు బస్తాలు. ఏ పక్షి ఏ చేప మీద బతుకుతోంది, ఆ చేప పిల్ల ఏ నీళ్లలో పెరుగుతోంది అనేది ఎవరి సీటు పనీ కాదు.

పులికాట్ ఉప్పునీటి సరస్సును చూడండి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు దాని పక్కనున్న సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లిపోయింది గానీ, పక్షులకు కలెక్టరేట్‌తో పని లేదు. నేలపట్టు పక్షుల కేంద్రంలో కడప అనే చెట్ల మీద గూళ్లు పెట్టిన గూడబాతులు పిల్లలకు చేపలు తేవడానికి పులికాట్ దాకా ఎగిరి వెళ్తాయి. వాటి రెట్ట చెరువు నీళ్లలో కలిసి ఆయకట్టు పొలాలకు ఎరువవుతుందని అక్కడి రైతులు ఎప్పటినుంచో చెప్పే మాట. ఇక ఆ చేపలు సరస్సులో ఉండాలంటే సముద్రంలో పుట్టిన పిల్లలు ముఖద్వారం గుండా లోపలికి రావాలి, పైనుంచి కాళంగి నది నీళ్లు దిగి ఉప్పదనం తగ్గాలి. రాయదొరువు ముఖద్వారం దగ్గర ఇసుక మేట వేసినప్పుడు ముందుగా నష్టపోయేది జాలరి. కానీ ఆ దెబ్బ గూడబాతు పిల్ల మీదుగా నేలపట్టు వరి మడి దాకా రాదని ఎవరైనా భరోసా ఇవ్వగలరా? పూడిక తీత గురించి మాట్లాడినప్పుడల్లా క్యూబిక్ మీటర్లు, కోట్లు వినిపిస్తాయి. ఫ్లెమింగో ఫెస్టివల్‌కు స్టేజీ, లైట్లు ఘనంగా ఉంటాయి. పండగకు పేరిచ్చిన ఆ పక్షి బురదలోంచి వడకట్టుకు తినే నాచు, పురుగుల ఊసే రాదు.

రొయ్యల గుంట దీనికి పూర్తిగా ఎదురు. ఒకే జీవి, ఒకే మేత, నీళ్లకు గాలి అందించడానికి రాత్రంతా తిరిగే ఏరియేటర్లు, పక్షి వాలకుండా పైన తీగలు. 1990ల్లో టైగర్ రొయ్యకు వైట్ స్పాట్ వైరస్ తెగులు సోకి ఈ తీరంలో గుంటలు ఎలా దెబ్బతిన్నాయో పాత రైతులకు చెప్పక్కర్లేదు. తీరంలో రొయ్యల సాగును కట్టడి చేస్తూ 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ఆ సాగును నియంత్రించడానికి 2005లో చట్టం వచ్చింది, 2009లో టైగర్ బదులు వనామీ అనే రొయ్య దిగింది. రొయ్య మారింది, పద్ధతి అదే. అప్పులు తెచ్చి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే ఎంత అనే) రేటు చూసుకుంటూ టెన్షన్‌తో నిద్రపోని రైతును ముద్దాయిని చేయడం మా ఉద్దేశం కాదు. ఆ గుంట కూడా వల బయట లేదన్నదే మేం చెబుతున్నది. మేత బస్తా మీద రాసింది చదివితే అందులో చేపల పొడి ఉంటుంది. అది సముద్రంలోని చిన్న చేపలను ఎండబెట్టి పొడి చేసింది. వంజరం లాంటి పెద్ద చేపల తిండీ ఆ చిన్న చేపలే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపి, తర్వాత దొరికిన చిన్న చేపనల్లా పొడి చేస్తే మైపాడు జాలరికి మిగిలేదేమిటి?

డన్ బృందం 2016లో మరో పరిశోధన ప్రచురించింది. అలాస్కా దగ్గరి శానక్ దీవుల్లో వేల ఏళ్లు వేట మీద బతికిన అల్యూట్ జనాన్ని కూడా సముద్రపు వలలో ఒక జీవిగా చేర్చి చూశారు. అక్కడి 500కు పైగా జీవుల్లో దాదాపు పావు వంతు వాళ్ల తిండిలో ఉన్నాయి. అన్ని తినేవాళ్లు చుట్టూ ఏదీ మిగల్చరనే ఎవరైనా అనుకుంటారు. ఒకటి దొరకడం తగ్గితే దాన్ని వదిలేసి ఇంకొకదాని మీదికి మళ్లేవారు కాబట్టి, తగ్గినది మళ్లీ కోలుకునేదని ఆ బృందం వివరించింది. ఎలుకా, పీతా, నత్తా, చేపా, అడవి గడ్డా, తేనే అని కాలాన్ని బట్టి తిండి మార్చుకునే యానాదుల గురించి చదువుతున్నట్టే మాకు అనిపించింది.

నెల్లూరు తీరానికీ ఇలాంటి పటం గీయించాలి. చేప పొట్ట కోసి లోపలేముందో చూడటం, గుడ్లగూబ కక్కిన ఉండల్లో ఎలుక ఎముకలు లెక్కపెట్టడం ముత్తుకూరు మత్స్య కళాశాల, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం విద్యార్థులకు కష్టమైన పనులు కావు. యానాదులను, జాలరులను వెంట తీసుకెళ్లి రోజుకూలి కాకుండా గౌరవ వేతనం ఇవ్వాలి, పటం మీద వాళ్ల పేర్లూ రాయాలి. మొదటి విడతకు పెన్నా సముద్రంలో కలిసే ఊటుకూరు చాలు. కోతల కాలంలో దిగితే కలుగుల్లో ఎలుకలు, గట్ల మీద గుడ్లగూబ ఉండలు ఒకేసారి దొరుకుతాయి.