ఎడారిలో తలంటు

ఆర్వీ అంటే వంటగది, పడక, స్నానాలగది అన్నీ ఉన్న బండి. మా ఆయన మాటల్లో అయితే హోటల్ ఖర్చు మిగిల్చే బండి. దాని అద్దె, అది తాగే పెట్రోలు, రాత్రికి దాన్ని నిలుపుకొన్నందుకు కట్టే రుసుము కలిపితే, మంచి హోటల్లో మాకొక గది, మా సామానుకొక గది తీసుకోవచ్చు. ఆ లెక్క మాత్రం ఆయన ఎక్సెల్ పట్టికలో ఏ గడిలోనూ లేదు.

2024లో భోగి ఆదివారం, సంక్రాంతి సోమవారం వచ్చాయి. ఆ సోమవారమే అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ పేరిట సెలవు. పండగ, సెలవు ఒకే రోజు రావడం ఇక్కడి తెలుగువాళ్లకు లాటరీ తగలడమే. డాలస్‌లో మా స్నేహితులు ముగ్గుల పోటీకి రంగులు కొనుక్కుంటుంటే, మేము శుక్రవారం కూడా సెలవు పెట్టి పక్క రాష్ట్రం న్యూమెక్సికోకు బయలుదేరాం. "ఎడారి కదా, వెచ్చగా ఉంటుంది" అన్నారు మా ఆయన. స్వెట్టర్లు నేను సర్దాను.

బయలుదేరే ముందు ఆయన బండి ట్యాంకులోని మంచినీళ్లన్నీ వదిలేశారు. "150 లీటర్లంటే 150 కిలోలు. ఆగిన చోటల్లా కుళాయి ఉంటుంది, పైపు తగిలించుకుంటే సరి. ఇన్ని నీళ్లు మోసుకుపోవడానికి మనమేమైనా కావడి ఎత్తామా?" అని అడిగారు. లెక్క సరిగానే ఉంది. ఆయన లెక్కలు ఎప్పుడూ సరిగానే ఉంటాయి, నా బాధ కూడా అదే.

మేము చూడాలనుకున్నది వైట్ శాండ్స్. 712 చదరపు కిలోమీటర్ల మేర తెల్లటి దిబ్బలు. పేరుకు ఇసుక, నిజానికి జిప్సం అనే ఖనిజం. చుట్టూ కొండలున్న లోయ కావడంతో నీళ్లు బయటికి పోయే దారి లేదు. కొండల్లోంచి కరిగి వచ్చిన జిప్సం అక్కడే ఎండి, గాలికి పొడిపొడిగా రాలి దిబ్బలు కట్టింది. 2019 డిసెంబరులో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు.

దగ్గర్లోని ఊరు అలమగోర్డో. అక్కడ 30 అడుగుల పిస్తాపప్పు విగ్రహం ఉంది. మనుషులకు విగ్రహాలు పెట్టి తగవులు పడటం కన్నా ఇదే మేలనిపించింది. ఆ ఊరికి మేము వెళ్లిన దారిలో 2600 మీటర్ల ఎత్తు నుంచి 1300 మీటర్లకు, పాతిక కిలోమీటర్లలోనే దిగాలి. ఆ మలుపుల్లో మా వంటగది అరలు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. పసుపు డబ్బా ముందుగా దూకింది. దాని వెంట కందిపొడి. వెనక్కి తిరిగి చూడకపోవడమే మంచిదని ఇద్దరం రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాం.

రాత్రికి ఆర్వీలు నిలిపే చోటికి చేరాం. అక్కడ పెద్ద బోర్డు ఉంది. మా ఆయన దాన్ని ఫోటో కూడా తీశారు, కింద వైఫై పాస్‌వర్డు ఉందని. పైన ఎర్ర అక్షరాల్లో "రాత్రిపూట నీళ్ల పైపు విప్పి లోపల పెట్టుకోండి" అని రాసి ఉన్న సంగతి ఆయనకు మర్నాడు, అదే ఫోటోలో కనిపించింది.

భోగి నాడు తెల్లవారుజామున లేచాం. పండగ పండగే కదా. మా ఆయన తలకు, ఒంటికి నువ్వుల నూనె దట్టంగా పట్టించాను. నేనూ తలకు రాసుకున్నాను. కుక్కర్లో పొంగలి పెట్టాను. ఆయన స్నానాలగదిలోకి వెళ్లారు. అది ఎంత ఉంటుందంటే, లోపల సబ్బు కింద పడితే తీయడానికి మనిషి బయటికి రావాలి. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత ఒక దగ్గు, అదీ కుళాయిదే. ఆపైన ఏమీ లేదు.

"ఏమండీ, నీళ్లు రావడం లేదా?"

"వస్తాయి, ఉండు" అన్నారు లోపలి నుంచి, ఎవరినో పిలిపిస్తున్నట్టు.

బయట సున్నాకు దిగువన ఐదారు డిగ్రీలు. పైపు ఇనుప కడ్డీ అయిపోయింది. ట్యాంకులో చుక్క లేదు. బండి గీజరులో 20 లీటర్లకు పైగా వేడి నీళ్లున్నాయి, కానీ వెనక నుంచి చన్నీళ్లు తోస్తేనే అవి కదులుతాయి. వేడి నీళ్లు చేతికందే దూరంలో, గోడ అవతలే ఉండగా నూనె ఒంటితో వణుకుతూ నిలబడటం ఏ పురాణంలోని శిక్షో నాకు గుర్తు రాలేదు.

ఆయనకు ఉపాయం తట్టింది. నా హెయిర్ డ్రైయర్‌తో పైపును కాచాలి. దుప్పటి కప్పుకొని కిటికీలోంచి తీగ లాగి మీట నొక్కారు. బండికి వచ్చే కరెంటు 30 ఆంపియర్లు, 120 వోల్టులు, అంటే 3600 వాట్లు. గదిలో హీటరు 1500, డ్రైయర్ 1800, పొంగలి కుక్కరు 700. కూడికలు చేయడం వచ్చిన మనిషి ఇంట్లో ఉండగానే బ్రేకర్ టప్పుమంది. హీటరు చల్లబడింది. పొంగలి సగంలో ఆగింది.

సరిగ్గా అప్పుడు కదిరి నుంచి వీడియో కాల్. అక్కడ సాయంత్రం ఆరున్నర.

"తలంట్లు అయ్యాయా అమ్మా?" అన్నారు మామయ్య.

"సగం అయింది మామయ్యా."

"వాడేడి?"

ఫోను బయటికి తిప్పాను. నూనెతో మెరిసిపోతూ, దుప్పటి కప్పుకొని, ఆయన పైపును రెండు చేతులతో రుద్దుతున్నారు. అత్తయ్య చాలాసేపు చూసి, "పామా?" అని అడిగారు.

పక్క బండిలోంచి ఒక పెద్దాయన దిగారు. డెబ్బై దాటి ఉంటాయి. చలికాలం వస్తే మిన్నెసోటా నుంచి బండి వేసుకుని దక్షిణానికి దిగే విశ్రాంత జీవుల్లో ఒకరు. ఆ చలిలో నిక్కరు వేసుకుని కాఫీ తాగుతున్నారు. మా ఆయనను పైనుంచి కిందికి చూసి, జాలిగా, "ఇంజన్ ఆయిల్ మీద పడిందా?" అని అడిగారు. మా పండగ సంగతి వివరించేసరికి ఆయన కాఫీ అయిపోయింది.

"పైపు తొమ్మిదిన్నరకు ఎండ తగిలితే అదే కరుగుతుంది. అంతవరకు మీ ట్యాంకులో నీళ్లు వాడుకోండి" అన్నారు.

మా ఆయన మాట్లాడలేదు. 150 కిలోల సిద్ధాంతాన్ని నేనే వినిపించాను. పెద్దాయన ఎంతో మర్యాదస్థుడు, నవ్వడానికి తన బండిలోకి వెళ్లారు. తిరిగి రెండు బకెట్ల వేడి నీళ్లతో వచ్చారు. ఆ నీళ్లకు నూనె లొంగలేదు. కుంకుడు పులుసు కూడా చేతులెత్తేసింది.

అదే తలలతో పది గంటలకు దిబ్బలు చేరాం. అక్కడ ప్లాస్టిక్ పళ్లెం మీద కూర్చుని పైనుంచి జారడం ఆట. మా ఆయన జారారు. మొదటి సగం పళ్లెం మీద, మిగతా సగం ఒంటరిగా. కింద లేచి నిలబడ్డాక, నూనెకు జిప్సం అంటుకుని ఆయన విభూతి పూసుకున్న స్వాముల్లో కలిసిపోయారు. పక్కనున్న పిల్లలు ఫోటో అడిగారు.

కదిరిలో రాత్రి పదిన్నర దాటినా మామయ్య పడుకోలేదు. నలభై ఏళ్లు వేరుశెనగ పండించిన మనిషికి అన్నేసి జిప్సం దిబ్బలు చూపిస్తే నిద్ర ఎలా పడుతుంది? "ఊడలు దిగేటప్పుడు ఎకరానికి 200 కిలోలు వేస్తాం. నీ వెనకున్న ఆ ఒక్క దిబ్బ మన మండలానికి చాలు. బస్తా ఎంతట?"

"అమ్మరు మామయ్యా. పిడికెడు కూడా తీసుకెళ్లకూడదు. చూసిపోవడానికే బండికి 25 డాలర్లు."

"జిప్సం చూడటానికి డబ్బులా!" అని ఆయన ఫోను అత్తయ్యకు ఇచ్చేశారు. ఇంత తెల్లగా కనిపిస్తున్నా, కొడుకు ఇంకా తలంటు పోసుకోలేదని ఆవిడ పట్టేశారు.

తిరుగు ప్రయాణానికి ముందు మా ఆయన ట్యాంకు అంచు దాకా నింపారు. తర్వాత డ్రైవరు సీట్లో కూర్చుని ఫోనులో లెక్కలు మొదలుపెట్టారు. పెరిగిన 150 కిలోలకు బదులుగా ఏది దించేయవచ్చా అని బండంతా కలియజూశారు. ఆయన చూపు ముందు నా గ్రైండరు మీద ఆగింది. అక్కడి నుంచి మెల్లగా నా వైపు తిరిగింది.

"కదిరి కాల్ కలపమంటారా?" అని అడిగాను. బండి స్టార్ట్ చేశారు.