గొంతు మీద గొడవా, మిక్స్ మీద గొడవా? రష్ అభిమానుల తెగని పంచాయితీ

రష్ అనే రాక్ బ్యాండ్ అభిమానులు ఇద్దరు కలిస్తే చాలు, మూడు తగాదాలు లేస్తాయి. ఏ ఆల్బమ్ అన్నిటికన్నా గొప్పది, గెడ్డీ లీ గొంతు ఆ బ్యాండ్‌కి బలమా బలహీనతా, ఏ ఎడిషన్‌లో సౌండ్ బాగుంది. దశాబ్దాలుగా ఇదే వరస. డ్రమ్మర్ నీల్ పియర్ట్ 2020 జనవరిలో చనిపోయాక కూడా ఈ పంచాయితీ ఆగలేదు, ఇంకాస్త పెరిగిందేమో కూడా. నాకైతే ఇవి మూడు వేర్వేరు తగాదాల్లా కనిపించవు. ఆల్బమ్ మీద, గొంతు మీద జరిగే వాదనల్లో చాలా భాగం అసలు మిక్స్ మీద, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతునీ వాయిద్యాల్నీ ఏది ఎంత వినపడాలో చూసి కలిపిన తీరు మీద, జరగాల్సినవి. ఎవరు ఏ మిక్స్ విని మాట్లాడుతున్నారో చెప్పుకోకుండానే గంటలకొద్దీ కొట్లాడుకుంటారు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కెనడాలోని టొరంటోకి చెందిన ముగ్గురి బ్యాండ్ ఇది. గెడ్డీ లీ బేస్ గిటార్ వాయిస్తాడు, కీబోర్డులు వాయిస్తాడు, కాళ్లతో పెడల్స్ తొక్కుతాడు, ఇవన్నీ చేస్తూ పాడతాడు. అలెక్స్ లైఫ్‌సన్‌ది గిటార్. పియర్ట్ రెండో ఆల్బమ్ నుంచి వచ్చి చేరాడు, డ్రమ్స్ ఒక్కటే కాదు, పాటలు రాసేది కూడా దాదాపుగా అతనే. 1974 నుంచి 2012 దాకా 19 స్టూడియో ఆల్బమ్‌లు వచ్చాయి. ఇన్నేళ్లలో సౌండ్ ఎన్నిసార్లు మారిందంటే, ఒక దశ నచ్చినవాడికి ఇంకో దశ అసలు వేరే బ్యాండ్‌లా వినిపిస్తుంది.

1975లో వచ్చిన ‘కేరెస్ ఆఫ్ స్టీల్’ సరిగ్గా అమ్ముడుపోలేదు. పొడుగు పాటలు మానేసి రేడియోలో వేసుకోదగ్గవి చెయ్యమని రికార్డు కంపెనీ ఒత్తిడి పెట్టింది. వీళ్లు వినలేదు సరికదా, 1976లో ‘2112’ చేసి, ఎల్పీ రికార్డు ఒక వైపు మొత్తాన్నీ ఇరవై నిమిషాలు దాటిన ఒకే కథతో నింపేశారు. అది ఆడింది. అప్పటినుంచీ అభిమానుల్లో ఒక వర్గానికి రష్ అంటే ఆ పొడుగు కథలే, తర్వాత చేసినవన్నీ రాజీలే. ఇంకో వర్గం 1981 నాటి ‘మూవింగ్ పిక్చర్స్’ దగ్గరే ఆగిపోతుంది. మరికొందరు 1982లో ‘సిగ్నల్స్’తో మొదలై 1987లో ‘హోల్డ్ యువర్ ఫైర్’ దాకా నడిచిన సింథసైజర్ల కాలాన్ని వెనకేసుకొస్తారు, వీళ్లని మిగతావాళ్లు కొంచెం జాలిగా చూస్తారు. నన్నడిగితే ‘మూవింగ్ పిక్చర్స్’ అంటాను. ముగ్గురు వాయించేదీ విడివిడిగా తెలుస్తూ ఉంటుంది, అయినా పాట ఒక్కటిగానే నడుస్తుంది. చూడండి, ఆల్బమ్ ఎందుకు ఇష్టమంటే నేను చెప్పిన కారణం కూడా సౌండ్ గురించే.

గొంతు సంగతికొద్దాం. డెబ్భైల్లో గెడ్డీ లీ పాడిన తీరు వినగానే కొందరు పారిపోతారు, అందులో వాళ్ల తప్పేం లేదు. అంత తారస్థాయిలో, అంత పదునుగా పాడేవాళ్లు తక్కువ. కానీ ‘గొంతే అంత, మనిషే కీచుగా పాడతాడు’ అని తేల్చేసేవాళ్లు 1978 నాటి ‘హెమిస్ఫియర్స్’ ఎలా తయారైందో తెలుసుకోవాలి. వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో వాయిద్యాలన్నీ రికార్డు చేసేశారు. తర్వాత లండన్‌లో గొంతు రికార్డు చెయ్యబోతే, తాము కట్టుకున్న శ్రుతి పాడటానికి మరీ ఎక్కువగా ఉందని అప్పుడు తెలిసింది. వాయిద్యాల పని అయిపోయింది కాబట్టి ఆ శ్రుతిలోనే నానా తంటాలు పడి పాడాడు. ఈ సంగతి గెడ్డీ లీయే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. అంటే ఆ ఆల్బమ్‌లో మనకి వినిపించే బిగింపు గాయకుడి స్వభావం మాత్రమే కాదు, పని ఏ వరసలో చేశారన్నదాని ఫలితం కూడా. 1980లో ‘పర్మనెంట్ వేవ్స్’ నుంచి గొంతు మెల్లగా కిందికి దిగింది. ఆ తర్వాతి గొంతుని తిట్టేవాళ్లు నిజానికి పాత రికార్డుల్ని గుర్తుపెట్టుకుని తిడుతున్నారనిపిస్తుంది నాకు.

అయితే అన్నిటినీ రికార్డింగ్ మీదకి తోసెయ్యడం కూడా కుదరదు. 2015లో చివరిసారి ముగ్గురూ కలిసి తిరిగిన ఆర్40 టూర్ నాటికి గెడ్డీ లీకి అరవై దాటింది. ఇరవైల్లో కట్టుకున్న పాటల్ని అప్పుడు పాడుతుంటే గొంతు అందని చోట్లు స్పష్టంగా తెలుస్తాయి. దీనికి ఏ ఇంజనీరూ బాధ్యుడు కాదు, వయసు అంతే. ఆ లైవ్ రికార్డింగులు విని మొత్తం బ్యాండ్‌కి తీర్పు చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది కానీ, అభిమానం కొద్దీ ఆ పగుళ్లు అసలు లేవని వాదించేవాళ్లతో ఇంకా పెద్ద పేచీ ఉంది.

ఎనభైల సౌండ్ మీద వచ్చే ఫిర్యాదు వేరు. ‘సిగ్నల్స్’లో గిటార్ వెనక్కి పోయింది, కీబోర్డులు ముందుకొచ్చాయి, లైఫ్‌సన్ కూడా దానికి సంతోషపడలేదు. 1985 నాటి ‘పవర్ విండోస్’ వినగానే చాలామంది ‘పల్చగా ఉంది, బేస్ లేదు, కొత్తగా రీమాస్టర్ చెయ్యాలి’ అంటారు. కలిపేసిన మిక్స్ మొత్తానికి చివర్లో చేసే సర్దుబాటు మాస్టరింగ్, దాన్ని మళ్లీ చెయ్యడం రీమాస్టర్. చేస్తే ఏమొస్తుంది? డెబ్భైల్లో గెడ్డీ లీ వాయించింది గరుకుగా గుర్రుమనే రికెన్‌బాకర్ బేస్. ‘పవర్ విండోస్’ నాటికి చేతిలో ఉన్నది వాల్ కంపెనీ బేస్, దాని నాదమే వేరు. దానికి తోడు సింథసైజర్లు, తీగ వాయిద్యాలు, కోరస్ గొంతులు, అన్నీ పై స్థాయిలో మెరుస్తూ ఉంటాయి. అలా ఉండాలనే అలా చేశారు. మాస్టరింగ్‌లో కింది స్థాయిని కాస్త పెంచొచ్చు, అంతే. బ్యాండ్ కావాలని చేసిన పనిని సాంకేతిక లోపం అనుకుంటే వాదన ఎక్కడికీ పోదు.

నిజంగా లోపం ఉన్న ఆల్బమ్ ఇంకోటుంది, అది 2002లో వచ్చిన ‘వేపర్ ట్రెయిల్స్’. దీని వెనకున్న కథ బరువైనది. 1997లో పియర్ట్ కూతురు కారు ప్రమాదంలో పోయింది, ఏడాది తిరక్కుండానే భార్య క్యాన్సర్‌తో పోయింది. బ్యాండ్ పని ఇక అయిపోయిందనే అనుకున్నారు. మోటర్‌సైకిల్ మీద ఖండమంతా తిరిగి తిరిగి చివరికి పియర్ట్ మళ్లీ డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. మొదటి పాట డ్రమ్స్‌తోనే మొదలవుతుంది. అంత ఎదురుచూపు తర్వాత వచ్చిన ఆ దెబ్బలు చెవిలో చెదిరిపోయి, గరగరమంటూ వినపడ్డాయి.

కారణం మరీ చిక్కుదేం కాదు. డిజిటల్ రికార్డింగ్‌లో ధ్వనికి ఒక పైకప్పు ఉంటుంది, సున్నా డెసిబెల్స్ అంటారు, దాన్ని దాటి పోవడం కుదరదు. పాట మొత్తం బిగ్గరగా వినపడాలంటే మెల్లని చోట్లని పైకి లాగాలి, డ్రమ్ దెబ్బల శిఖరాల్ని తొక్కిపెట్టాలి. కొంతవరకూ తొక్కితే ఫరవాలేదు, శ్రుతి మించితే శిఖరం కత్తిరించినట్టు చదునుగా అయిపోతుంది, అదే క్లిప్పింగ్. ఆ రోజుల్లో పక్కవాడి సీడీకన్నా మన సీడీ గట్టిగా మోగాలన్న పోటీ అన్ని కంపెనీల్లోనూ ఉండేది. పైగా ‘వేపర్ ట్రెయిల్స్’లో కీబోర్డులు లేవు, ఆ ఖాళీనంతా గిటార్ పొరలతో, గెడ్డీ లీ ఒకదాని మీద ఒకటి పాడిన గొంతు పొరలతో నింపారు. ఇన్ని పొరల్ని ఒకే కప్పు కింద కుక్కేస్తే ఏదీ విడిగా మిగల్లేదు. ‘ఈ ఆల్బమ్‌లో గొంతు బాలేదు’ అన్న మాట అక్కడే పుట్టింది.

తప్పు మాస్టరింగ్ దగ్గర ఒక్కచోటే జరిగి ఉంటే రీమాస్టర్‌తో సరిపోయేది. మిక్స్ దశలోనే ఆ గరగర కలిసిపోయింది కాబట్టి విడివిడి ట్రాకుల దగ్గరికి వెనక్కి వెళ్లి మళ్లీ మిక్స్ చెయ్యాల్సి వచ్చింది. రీమిక్స్ అంటే ఇక్కడ పాత పాటకి కొత్త బీట్ తగిలించడం కాదు. 2009లో ఒక సంకలనం కోసం రెండు పాటలు అలా చేసి చూశారు, అవి నచ్చాయి, 2013లో డేవిడ్ బాట్రిల్ చేతిలో మొత్తం ఆల్బమ్ కొత్త మిక్స్‌తో వచ్చింది. పాడిందీ వాయించిందీ అవే రికార్డింగులు. ఒక్క డ్రమ్ దెబ్బ కొత్తగా కొట్టలేదు. అయినా ‘గొంతు బాలేదు’ అన్నవాళ్లలో కొందరు ఇప్పుడు బాగుందన్నారు. అందుకే ఈ ఆల్బమ్ నా వాదనకి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం, ఒకే గొంతుకి రెండు తీర్పులు వచ్చాయంటే తీర్పు గొంతు మీద కాదన్నమాట.

ఇందులో ఇంకో చిక్కుంది. 2002 మిక్సే ఇష్టమనేవాళ్లు ఉన్నారు, వాళ్లని చెవులు లేనివాళ్లని ఎగతాళి చెయ్యడం మామూలైపోయింది. వాళ్లు చెప్పేది నేను పూర్తిగా ఒప్పుకోను గానీ కొట్టిపారెయ్యను. అంత దుఃఖం తర్వాత చేసిన రికార్డు అంత గరుగ్గా, ఊపిరాడనట్టు ఉండటమే సరైనదంటారు, కొత్త మిక్స్‌లో ఆ ఉక్కపోత పోయిందంటారు. కొన్ని చోట్ల గిటార్ల సమతూకం కూడా మారిపోయిందన్న మాట నిజమే. నాకు మటుకు పగిలిన డ్రమ్ శబ్దంలో దుఃఖం వినపడదు, తలనొప్పి వస్తుంది. కానీ అది నా రుచి, కొలత కాదు.

పోల్చేటప్పుడు జరిగే మోసం గురించి కూడా చెప్పాలి. రెండు మిక్సుల్ని పక్కపక్కన పెట్టి వింటే, కాస్త గట్టిగా మోగేది మెరుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది, మనిషి చెవి అంతే. వాల్యూమ్ సమానం చేసి వింటే తప్ప ఆ పోలిక చెల్లదు. స్ట్రీమింగ్ యాప్‌లు పాటలన్నిటి బిగ్గరతనాన్ని ఒక స్థాయికి తెస్తాయి కాబట్టి, పాతికేళ్ల కిందట గట్టిగా మోగాలని నొక్కిపెట్టిన రికార్డు అక్కడ పేలవంగా తేలుతుంది. ఇంక ఖరీదైన హెడ్‌ఫోన్స్, సీడీకన్నా ఎక్కువ వివరం పట్టే 24 బిట్ ఫైల్, విడిగా తెప్పించుకున్న ఎల్పీ అంటూ గొప్పలు పోయేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. క్లిప్ అయిన మాస్టర్ నుంచి తీసిన 24 బిట్ ఫైల్‌లో ఉండేది కూడా ఆ క్లిప్పింగే, కాకపోతే మరింత వివరంగా ఉంటుంది.

ఇప్పుడు నడుస్తున్న వాదన ‘క్లాక్‌వర్క్ ఏంజెల్స్’ మీద. 2012లో వచ్చిన చివరి ఆల్బమ్, మొత్తం ఒకే కథ, ‘మూవింగ్ పిక్చర్స్’ తర్వాత ఇదే గొప్పదనేవాళ్లు చాలామంది. పాటల విషయంలో నేనూ ఆ పక్షమే. సౌండ్ మాత్రం కిక్కిరిసి ఉంటుంది, గిటార్లు, తీగ వాయిద్యాలు, బేస్ అన్నీ ఒకేసారి ముందుకు తోసుకొస్తాయి, గెడ్డీ లీ గొంతు వాటి మధ్యలోంచి వినపడాలని పోరాడుతుంది. అతని గొంతు అప్పటికే అయిపోయిందని ఈ ఆల్బమ్‌ని చూపించేవాళ్లు, ఆ గొంతు ట్రాకుని వాయిద్యాలు పక్కకి జరిపి విన్నాక ఆ మాట అంటే నేను నమ్ముతాను, అంతదాకా ఒప్పుకోను.