కాల్షియం మాత్రలతో దవడ ఎముక తిరిగి రాదు

ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పన్ను పీకించుకున్నాక దవడ ఎముక తగ్గినా కంగారు పడొద్దట, కాల్షియం మాత్రలు వేసుకుని నువ్వులు తింటే మళ్ళీ పెరుగుతుందట. బోన్ గ్రాఫ్ట్ (ఎముక తగ్గిన చోట ఎముకలాంటి పదార్థం నింపడం) అంటే పశువుల ఎముక పొడి నింపి డబ్బులు గుంజడమేనట. పోయిన పన్ను బదులు దవడ ఎముకలో బిగించే ఇంప్లాంట్‌లోని టైటానియం ఒంటికి పడదు, ఇంప్లాంట్ ఉంటే ఎమ్మారై తీయరు, అరవై దాటితే అసలు పెట్టరు అని కూడా ఉంది. కొన్ని సగం నిజాలు కలిపారు కాబట్టే జనం నమ్ముతున్నారు.

ముందు కాల్షియం సంగతి, ఎందుకంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. వేరు చుట్టూ ఉండే ఎముక పన్ను కోసమే ఉంటుంది. నమిలినప్పుడు పడే ఒత్తిడి వేరుని పట్టి ఉంచే సన్నటి నారల ద్వారా దానికి అందుతుంది, పన్నుతో పాటు ఆ నారలూ పోతే వాటిని అంటిపెట్టుకున్న పలుచని ఎముక పొర కరిగిపోతుంది. ముందు పళ్ళ దగ్గర పెదవి వైపు గోడ చాలామందికి ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు, అందుకే మొదట పోయేది అదే. పీకిన 6 నెలల్లోనే పన్ను ఉన్న చోటి ఎముక గట్టు వెడల్పు మూడో వంతు నుంచి సగం దాకా, కొందరికి ఇంకా ఎక్కువే తగ్గుతుంది. రక్తంలో కాల్షియం నిండుగా ఉన్నవాళ్ళకీ ఇది తప్పదు. ఒంట్లో లోపం ఉంటే మాత్రలు వేసుకోండి, మంచిదే, కానీ పోయిన గట్టుని అవి కట్టలేవు. వాటిని నమ్ముకుని ఏడాది ఆగారంటే ఎముక ఎక్కువగా కరిగే కాలాన్నే చేజేతులా వదిలేసినట్టు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు కూడా ఈ కరగడాన్ని ఆపవు. పై దవడకన్నా కింది దవడ గట్టు దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ తగ్గుతుందని 25 ఏళ్ళ పాటు పేషెంట్లని గమనించి 1972లోనే రాశారు.

పశువుల ఎముక అన్నది ఒక రకం గ్రాఫ్ట్ విషయంలో నిజమే. దాన్ని బాగా వేడి చేసి, రసాయనాలతో కొవ్వు, ప్రొటీన్లు తీసేసి ఖనిజం మాత్రం మిగులుస్తారు. చూడటానికి బొంబాయి రవ్వలా తెల్లటి పలుకులు, వాటిని సెలైన్‌తోనో పేషెంట్ రక్తంతోనో తడిపి గుంతలో సర్ది, పైన కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో చేసిన పొర కప్పి కుట్లు వేస్తారు. ఆ పలుకుల మధ్యలోకి రక్తనాళాలు పాకి, కొన్ని నెలల్లో మన ఎముకే పెరుగుతుంది. పేషెంట్ గడ్డం నుంచో దవడ వెనక నుంచో తీసిన సొంత ఎముక, దాతల ఎముక, పూర్తిగా ల్యాబ్‌లో చేసే హైడ్రాక్సీఅపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే ఖనిజాలు కూడా ఉన్నాయి. ఆ కొల్లాజెన్ పొర పందిదో పశువుదో కావచ్చు. నమ్మకాల రీత్యా వద్దనుకునేవాళ్ళుంటారు, వాళ్ళకి ముందే చెప్పకుండా వేయడం నా దృష్టిలో తప్పే. ఏది వాడుతున్నారో అడగండి, సీసా మీది లేబుల్ ఫైల్లో అంటించమనండి. అందరికీ గ్రాఫ్ట్ అవసరం కూడా ఉండదు, దవడని త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్‌లో మీ ఎముక వెడల్పు ఎంతుందో చూపించమని అడిగే హక్కు మీకుంది.

టైటానియం పడదంటారా? స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఈ ఇంప్లాంట్లకి ఆద్యుడైన ప్రొఫెసర్ బ్రోనెమార్క్ 1965లో యోస్టా లార్సన్ అనే ఆయనకి పెట్టిన ఇంప్లాంట్లు 2006లో ఆయన పోయేదాకా పనిచేశాయి. టైటానియం పైన దానంతటదే ఏర్పడే ఆక్సైడ్ పొర లోహాన్ని కాపాడుతుంది, ఎముక దాన్ని అంటుకునే పెరుగుతుంది. అలర్జీ చాలా అరుదు.

ఎమ్మారై నిక్షేపంగా తీస్తారు. టైటానియం అయస్కాంతానికి అంటుకోదు, నోటి దగ్గర బొమ్మ కాస్త చెదురుతుందంతే. అయస్కాంతంతో పట్టి ఉండే కట్టుడు సెట్ అయితే మాత్రం స్కాన్‌కి ముందే చెప్పాలి.

ఇక వయసు. డెబ్బై దాటినవాళ్ళకీ పెడుతున్నారు. అడ్డొచ్చేవి అదుపులో లేని షుగరు, సిగరెట్లు, చిగుళ్ళ జబ్బు. వీటికి తోడు ఆ మెసేజ్‌లో మాటమాత్రం కూడా లేనిది ఒకటుంది: ఎముకలు గుల్లబారాయని వాడే అలెండ్రోనేట్ మాత్రలు, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, ఆరు నెలలకోసారి చేసే డెనోసుమాబ్ సూది. ఇవి వాడేవాళ్ళలో కొద్దిమందికి పన్ను పీకిన చోట మానక దవడ ఎముక చచ్చుబడుతుంది, క్యాన్సర్‌కి ఎక్కువ మోతాదులో తీసుకునేవాళ్ళకి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. మీ అంతట మీరు మానేయకండి. ఏడాదికోసారి వేసే మందు కదా, చాలామందికి చెప్పాలని గుర్తే రాదు, కాబట్టి ఆ ప్రిస్క్రిప్షన్ పన్ను పీకకముందే డెంటిస్టుకి చూపించండి.