సెకండ్ హ్యాండ్ విలాస కారును స్థిరాస్తిగా గుర్తించాలని మనవి

గోదావరి డెల్టాలో ఇంతవరకు పెద్దమనుషులు ఆస్తిగా లెక్కించినవి మూడే: వరిచేను, కొబ్బరితోట, రొయ్యల చెరువు. సంబంధం మాట్లాడేటప్పుడు మొదట అడిగేవి అవే, అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ఆఖరి వరకు తెగనివీ అవే. ఈమధ్య వీటి సరసన నాలుగోది వచ్చి చేరింది. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఒక ఆసామి కోటి రూపాయల చుట్టుపక్కల పెట్టి కొని, కొన్నాళ్లు తిరిగి, మోజు తీరి వదిలించుకున్న విదేశీ కంపెనీ విద్యుత్ కారు అది. దాన్ని మోటారు వాహనాల చట్టం కింద నమోదు చేస్తుండటం ఒక పెద్ద పరిపాలనా లోపమనీ, ఇకనుంచి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో స్థిరాస్తిగా నమోదు చేయాలనీ ప్రభుత్వానికి సవినయంగా మనవి చేసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఇది మన దాకా ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. 2020 అక్టోబరులో మెర్సిడెస్ ఈక్యూసీ, మరుసటి ఏడాది జాగ్వార్ ఐ-పేస్, ఆడి ఈ-ట్రాన్, బీఎండబ్ల్యూ ఐఎక్స్ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. వీటిలో మొదటి మూడింటి తయారీని కంపెనీలే ఆపేశాయి. సాంకేతికత ఏటికేడు మారిపోతుండటం, పాత బ్యాటరీ అంటే కొనేవాడికి గుబులుండటం, కొత్త మోడళ్లు ఎక్కువ దూరం నడవడం వల్ల వీటి ధర పెట్రోలు కార్ల ధర కంటే తొందరగా జారిపోతుంది. ఈ కారణాలన్నీ చదివి పట్నవాసి వెనకడుగు వేస్తాడు. మనవాడికి మాత్రం ఒకే ఒక్క వాక్యం చెవిలో పడుతుంది: కోటి రూపాయల బండి సగానికే వస్తోంది.

ఇదే మనిషి అరెకరం చేను కొనేటప్పుడు ఎలా ఉంటాడో చూడండి. ముప్ఫై ఏళ్ల ఈసీ తీయిస్తాడు. లింకు డాక్యుమెంట్లు ప్లీడరు గారి చేత రెండుసార్లు చదివిస్తాడు. అడంగల్, పాస్‌పుస్తకం సరిచూసుకుని, సర్వేయరు చేత హద్దులు కొలిపించి, పంటకాలవ నీరు ఏ తూము నుంచి వస్తుందో, మురుగు ఏ బోదెలోకి పోతుందో, పక్క చేను రైతు తగువులమారి అవునో కాదో కనుక్కుని, అప్పటికీ తృప్తి లేక సార్వా కోతలయ్యాక చూద్దామంటాడు. కారు దగ్గరికి వచ్చేసరికి ఈ జాగ్రత్త అంతా ఏ కాలవలో కలిసిపోతుందో తెలియదు.

పాలకొల్లు పక్క ఒక ఊళ్లో ఇటీవల జరిగిన బేరం ఇందుకు సాక్ష్యం. కొనేవారి తరఫున బావమరిది, మేనమామ, పట్నం నుంచి రప్పించిన పేరున్న మెకానిక్కు ఒకరు హాజరయ్యారు. బావమరిది లోపలి లైట్ల రంగులు ఊదా నుంచి ఎరుపుకీ, ఎరుపు నుంచి నీలానికీ మార్చి చూశాడు. మేనమామ సీటులోంచి వస్తున్న చల్లగాలిని ధృవీకరించారు. మెకానిక్కు బానెట్టు ఎత్తించి, కింద కనిపించిన నల్లటి ప్లాస్టిక్ మూతకు చెవి ఆనించి, బండి ఆన్ చేయమని సైగ చేసి, చాలాసేపు కళ్లు మూసుకుని విని, తల పైకెత్తి తీర్పు చెప్పాడు: "సౌండన్నదే లేదండి! ఇంజను శానా కండీషన్లో ఉందండి." ఇచ్చిన కాఫీ చల్లారకముందే అడ్వాన్సు చేతులు మారింది.

అడగవలసిన ప్రశ్న ఒకటి ఆ వాకిట్లో ఎవరి నోటా రాలేదు. బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు పట్టినంత విద్యుత్తులో ఇప్పుడు ఎంత శాతం పడుతోంది అన్నదే ఆ ప్రశ్న. దీన్ని స్టేట్ ఆఫ్ హెల్త్ అంటారు. కారుకు పరికరం తగిలించి తీసే నివేదికలో అది తెలుస్తుంది. ఇంకా ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో తెర మీద చూపే అంకెను చూసి మురిసిపోవడానికి వీల్లేదు, ఎందుకంటే అది ఇటీవల బండిని నడిపిన తీరును బట్టి కారు వేసుకునే అంచనా మాత్రమే. అమ్మేవాడు ఏసీ కట్టేసి, నాలుగు రోజులు పెళ్లి ఊరేగింపు వేగంతో తిప్పితే ఆ అంకె దానంతటదే పెరుగుతుంది. ఇక బ్యాటరీ వారంటీ చాలా కంపెనీలకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. సాధారణంగా సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితేనే వారు బాధ్యత వహిస్తారు. ఈ ఎనిమిదేళ్లు మనం కొబ్బరికాయ కొట్టిన ముహూర్తం నుంచి మొదలు కావు. 2021లో మొదటి ఆసామి చేతికి వచ్చిన కారుకు 2029లో గడువు తీరిపోతుంది. ఆ తర్వాత బ్యాటరీ పోతే అయ్యే ఖర్చు వినడానికి ఇంటి పెద్దల్లో గుండె గట్టివారిని ముందు కూర్చోబెట్టడం మంచిది.

వేడి, ఎప్పుడూ నూరు శాతం నింపి ఉంచడం, తరచుగా ఫాస్ట్ ఛార్జింగు చేయడం ఈ బ్యాటరీలకు పడవు. రోజువారీ వాడకానికి 80 శాతం దగ్గర ఆపమని కంపెనీలే చెబుతాయి. అతిథి విస్తరిలో ఖాళీ కనిపిస్తే అవమానంగా భావించే ప్రాంతంలో ఈ సలహా ఎవరు పాటిస్తారు? కారు నూరుకు నూరు నిండుతుంది, రోహిణీ కార్తె ఎండలో వీధి వాకిట నిలబడుతుంది, చూసిపోయేవారు చూసిపోతారు.

నింపడం కూడా అంత తేలికైన పని కాదు. ఐ-పేస్ బ్యాటరీ 90 యూనిట్లు. గీజరు కోసం పెట్టుకున్న 16 ఆంపియర్ల సాకెట్టు గంటకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. అంటే ఖాళీ అయిన కారు నిండాలంటే కరెంటు ఒక్క క్షణం పోకుండా 30 గంటలు పట్టాలి. ఇది తెలిశాక ఆసామి గంటకు 7 యూనిట్లు ఇచ్చే ఛార్జరును గోడకు బిగిస్తాడు. ఇంటికి మంజూరైన లోడు పెంచుకోవాలనీ, విడిగా ఎర్తింగు వేయించాలనీ ఎలక్ట్రీషియను చెబితే, ముందు సిద్ధాంతి గారిని అడుగుదామంటాడు. విద్యుత్తు అగ్నికి సంబంధించినది కనుక ఆగ్నేయ మూల తప్ప మరోచోట పనికిరాదని సిద్ధాంతి గారు సెలవిస్తారు. కారు ముఖం తూర్పుకే ఉండాలని అంతకుముందే ఆయన సెలవిచ్చి ఉన్నారు. ఛార్జింగు మూత ఎడమ వైపు ముందు చక్రం దగ్గర ఉండటం వల్ల అది ఈశాన్యంలో తేలుతుంది, కేబులు అందదు. శాస్త్రం తప్పదు కనుక మరో పొడవాటి కేబులు వస్తుంది.

ఆ రాత్రి మూడు ఏసీలతో పాటు ఛార్జరూ నడిచి, స్తంభం మీద ఫీజు ఎగిరిపోతుంది. నిచ్చెనతో వచ్చిన లైన్‌మ్యాన్, "ఆయ్, పెరట్లో రొయ్యల చెరువేమైనా తవ్వించారాండి? ఏరియేటర్లు తిప్పినంత లోడు లాగుతుందండి!" అని వినయంగా విచారిస్తాడు. నెలాఖరున వచ్చే బిల్లులో, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెంచుకుంటూ పోయే శ్లాబుల మహిమ కూడా అర్థమవుతుంది. ఈ రెండు అనుభవాలయ్యాక కారును ఊరికే తిప్పి ఖాళీ చేయడం దుబారా అన్న సద్బుద్ధి కలిగి, అది పోర్టికోలో స్థిరపడుతుంది. నా మనవికి ఇది మొదటి ఆధారం.

రెండో ఆధారం ఇంకా బలమైనది. అంత పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, దాన్ని మేల్కొలిపేది, తలుపు తాళాలు తీసేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. వారాల తరబడి కదలకుండా నిలబడితే ఒక్కోసారి అది నీరసించిపోతుంది. అప్పుడు 90 యూనిట్ల విద్యుత్తు కడుపులో పెట్టుకున్న కారు తలుపు కూడా తెరవదు. డెల్టాలో ఏ బండి మొరాయించినా మోకు కట్టి ట్రాక్టరుతో లాగడం ఆచారం. ముందూ వెనకా రెండు ఇరుసులకూ మోటార్లున్న ఈ కార్లను చక్రాలు నేల మీద దొర్లేలా లాగకూడదు. నాలుగు చక్రాలనూ పైకెత్తి లారీ మీద పెట్టుకుని తీసుకుపోవాలి. ఈక్యూసీ బరువు దాదాపు రెండున్నర టన్నులు. రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి, మిగతా సగంలో కోత మిషను నిలబెట్టి ఉన్న కాలవగట్టు మీదికి ఆ లారీ రావాలి, బండిని ఎక్కించుకోవాలి, వెనక్కు తిరిగే చోటు లేక మూడు కిలోమీటర్లు రివర్సులో పోవాలి. తర్వాత విజయవాడకో విశాఖపట్నానికో ప్రయాణం. ఊరంతా గట్టు మీద నిలబడి సాగనంపుతుంది. ఒక్క విషయంలో అందరిదీ ఒకే మాట: లారీ మీద కారు చాలా హుందాగా ఉంటుంది.

ఇక నీటి సంగతి. ఈ బ్యాటరీ పెట్టెల్లో చాలావాటికి ఐపీ67 అనే రక్షణ ఉంటుంది. ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాల వరకు లోపలికి నీరు చేరదని దాని అర్థం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక, లంకల్లోకి వచ్చిన నీరు అరగంటలో సెలవు తీసుకున్న దాఖలా లేదు. 1986 వరదల్లో తీసుకోలేదు, 2022 వరదల్లోనూ తీసుకోలేదు. గోదావరికి ఈ నిబంధన ఎవరూ చదివి వినిపించలేదు. అందువల్ల పాత కారు కొనేవారు, అది ఇంతకుముందు ఏ నగరంలో ఏ వానకు మునిగిందో సర్వీసు రికార్డులోనూ, బీమా క్లెయిముల చరిత్రలోనూ వెతకాలి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే అడుగున బురద చార కనబడవచ్చు. సముద్రం దగ్గర ఊళ్ల నుంచి వచ్చిన బండయితే ఉప్పు నీటి జాడ కూడా చూసుకోవాలి.

కాగితాల విషయంలో మనవారు నిశ్చింతగా ఉంటారు. హైదరాబాదు పొరుగు రాష్ట్రమని 2014 నుంచీ తెలిసినా, కారు కొనేటప్పుడు మాత్రం గుర్తుండదు. యాజమాన్యం మారినట్టు ఫారం 29, 30 మీద సంతకాలు, అప్పు తీరినట్టు ఫారం 35, అభ్యంతరం లేదని అక్కడి రవాణా శాఖ ఇచ్చే ఎన్‌ఓసీకి ఫారం 28 అవసరం. ఏడాదికి మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు వేయించాలి, లైఫ్ ట్యాక్స్ లెక్క తేల్చాలి. వ్యక్తి నుంచి వ్యక్తి కొంటే జీఎస్టీ లేదు. డీలరు అమ్మితే, 2024 డిసెంబరులో జీఎస్టీ మండలి తీసుకున్న నిర్ణయం ప్రకారం అతని లాభం మీద 18 శాతం ఉంటుంది, దాన్ని ఎవరి నెత్తిన వేస్తాడో చెప్పనక్కర్లేదు. పాత ఆసామి ఫోనులోని యాప్ నుంచి కారును తొలగించారో లేదో కూడా చూసుకోవాలి. లేకపోతే మన పోర్టికోలో ఉన్న కారు తలుపుల తాళాలు బెంగళూరులో కూర్చున్నవాడి వేలి కింద ఉంటాయి. స్థిరాస్తిగా నమోదు చేస్తే ఈ తిప్పలు ఉండవు. నాలుగు హద్దులు రాస్తే చాలు: తూర్పున తులసికోట, దక్షిణాన ఛార్జరు, పడమర పోర్టికో గోడ, ఉత్తరాన కారు కొన్నందుకు మాటలు మానేసిన అన్నగారి ఇల్లు.

ఇంతా చేసి ఎప్పుడో ఒకప్పుడు అమ్మక తప్పదు. ఆ రోజు వచ్చింది. పోర్టికోలో బ్రోకరు నోటుపుస్తకం తెరిచి, కళ్లజోడు సవరించుకుని, "బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందండీ?" అని అడిగాడు. ఆసామి ఆలోచనలో పడి, బావమరిది వైపు ఒకసారి చూసి, నిజాయితీగా ఎదురు ప్రశ్న వేశారు.

"సొంతంగా తిరిగినవా అండి, లారీ మీద తిరిగినవి కూడా కలపమంటారా?"