సైన్యం విచారించింది, సరే. ఏం తేల్చింది?

బెంగళూరు మారతహళ్లిలోని మా తెలుగువాళ్ల వాట్సాప్ బృందాల్లో ఈ వారమంతా ఒకటే సందేశం. పొద్దున బావగారు పంపారు, మధ్యాహ్నం పిన్ని పంపింది, సాయంత్రానికి మళ్లీ బావగారే పంపారు. సారాంశం ఇది: 1947లో కెన్నెత్ ఆర్నాల్డ్ అనే పౌరుడు విమానం నడుపుతూ ఆకాశంలో తొమ్మిది వింత వస్తువులు చూశాడు, అమెరికా సైన్యమే విచారించింది కాబట్టి అది నిజం, 701 కేసులు నేటికీ తేలలేదు, మన జవాన్లూ లడఖ్‌లో చూశారు, మీకూ కనబడితే లేజర్ కాంతి చూపండి, గ్రహాంతరవాసులు బదులిస్తారు.

ఆర్నాల్డ్‌ను ఇద్దరు సైనిక నిఘా అధికారులు కలిసిన మాట నిజం. సోవియట్ విమానాలేమోనన్న శంక ఉన్న రోజులవి, వెళ్లకపోతేనే వింత. చివరికి దస్త్రంలో రాసుకున్నది మాత్రం ఎండమావి అని. సందేశంలో ఆ ముక్క ఎగిరిపోయింది. అయితే తొమ్మిదీ ఎండమావులేనన్న వివరణ నాకూ మింగుడుపడదు. పైగా సైన్యం ఏదో దాచిందని కొందరు చేసే ఆరోపణలో కొంత నిజముంది. 1955 నుంచి అరవై వేల అడుగుల పైన రహస్యంగా ఎగిరిన అమెరికా నిఘా విమానాలు యూ-2లను చూసి జనం ఫిర్యాదు చేస్తే, మంచు స్ఫటికాలనీ మరొకటనీ చెప్పి పంపేశారని అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ చరిత్రకారుడే 1997లో రాశాడు. దాచారు, కానీ దాచింది తమ విమానాన్ని.

701 సంగతి: అమెరికా వైమానిక దళానికి అందిన మొత్తం ఫిర్యాదులు 12,618, వాటిలో తేలనివి ఈ 701. పోలీసులకు దొరకని దొంగలందరూ అంగారకుడి నుంచి దిగినవారేనా?

లడఖ్ ముచ్చట చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 2012లో పాంగాంగ్ సరస్సు ప్రాంతంలో రాత్రివేళ వెలుగులు కనిపిస్తే చైనా డ్రోన్లేమోనని సైన్యం అనుమానించింది. ఆ చిక్కు విప్పినది ఎవరో కాదు, సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటితే వచ్చే మన కోరమంగళలోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ. ఒకటి శుక్రుడు, ఇంకొకటి గురుడు. గ్రహాలే తప్ప గ్రహాంతరవాసులు లేరు. జవాన్లను తప్పుపట్టను, ఆ ఎత్తులో, ఆ పల్చటి గాలిలో శుక్రుడు మనం నగరంలో ఎన్నడూ చూడనంత ప్రకాశంగా ఉంటాడు. పంచాంగం ఇంట్లో పెట్టుకుని కూడా ఆయన్ను అంతరిక్ష నౌక అంటున్న మనవాళ్లనే ఏమనాలో తెలియదు.

ఇక లేజర్. ఇంతవరకూ అజ్ఞానం, ఇక్కడి నుంచి నేరం. మారతహళ్లి పక్కనే హెచ్‌ఏఎల్ విమానాశ్రయం, ఉత్తరాన యలహంక వైమానిక స్థావరం, ఇంకా పైన కెంపేగౌడ విమానాశ్రయం. మేడ మీద నుంచి చూస్తే కదిలే వెలుగుల్లో అధిక భాగం దిగడానికి వస్తున్న విమానాలే. చేతిలో సన్నని గీతలా కనిపించే ఆ కాంతి అంత దూరం వెళ్లేసరికి వెడల్పవుతుంది. కాక్‌పిట్ అద్దానికి తగలగానే అద్దమంతా వెలుగు పరచుకుంటుంది. రన్‌వే మీదే చూపు నిలపాల్సిన క్షణాల్లో పైలట్‌కు కళ్లు బైర్లు కమ్ముతాయి. వెనుక వందమందికి పైగా ప్రయాణికులు. వాళ్లలో రేపు సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొచ్చే మీ పిల్లలూ ఉండొచ్చు. బదులు వస్తుందన్నారుగా, వస్తుంది: పోలీసుల రూపంలో.

పంపక తప్పదనుకుంటే ఆ లేజర్ వాక్యం తీసేసి పంపండి. మిగతావాటితో ఎవరి ప్రాణమూ పోదు.